తెరవెనుక నాదము

తనకల్లు కరవుసీమలోని ఊరు. కదిరి నుండి మదనపల్లెకు పోవు దారిలో, రాతిగుట్టల నడుమ, ఎఱ్ఱనేలలలో వేరుసెనగ వేసికొని బ్రతుకు ప్రాంతమిది. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో నుండి, అప్పుడేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఏడాది మొత్తమునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన పడు ఈ పీఠభూమిలో, మబ్బు మొగము చాటుచేసిన యేట పల్లెవారు చేయు పనులలో తోలుబొమ్మలాట ఆడించుట యొకటి. విరాటపర్వము ఆడించినచో వాన కురియునని తెలుగుదేశమున పాత నమ్మకము. బొమ్మలాటకును నైరుతి ఋతుపవనములకును నిమిత్తము లేదని విద్యార్థులకు వేరుగా చెప్ప నక్కరలేదు. అయితే పైరు ఎండిన రైతు ఆ రాత్రి తెరముందు కూర్చుండి, ఉత్తరగోగ్రహణ ఘట్టము వచ్చునప్పటికి తన కష్టము మరచి వెన్ను నిక్కించి చూచుట మాత్రము నిజము. వాన రాకపోవచ్చును; కంట నీరు వచ్చును. ఆ నీరెక్కడి నుండి వచ్చినది?

తెరమీద నున్నది మేకతోలు. దానిని పలుచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులు వేసినారు. దాని మొగమున కవళిక మారదు. నవ్వునప్పుడును ఏడ్చునప్పుడును అదే కన్ను, అదే ముక్కు. కదలునవి చేతులు, తల మొదలగు కీళ్ళున్న అవయవములు మాత్రమే. ఇట్టి బొమ్మ ఏడ్చినదని చూచువాడు నమ్ముటకు కారణము తెరవెనుక నున్నది. అక్కడ ఒకరు హార్మోనియము పట్టుకొని శ్రుతి యిచ్చుచుందురు. ఒకరు మృదంగము వాయించుదురు. తాళములు, గజ్జెలు మ్రోగును. బొమ్మ నాడించు వారే పద్యమును రాగము తీసి చదువుదురు. యుద్ధము వచ్చినపుడు కాలిక్రింది చెక్కపలకను దబదబ త్రొక్కుదురు. ఆ చప్పుడుతో రెండు తోలుముక్కలు తాకుట రెండు సైన్యములు తాకుటగా మారిపోవును. సినిమావారు తరువాత కాలమున నేపథ్య సంగీతమనియు, సౌండ్ ఎఫెక్టులనియు పేర్లు పెట్టిన రెండు విద్యలును ఈ చిన్న పందిరిలో ఏనాడో ఉన్నవి. వెలుగు, తెర, కదలు బొమ్మ, దానికి తోడుగా నాదము: సినిమాకు కావలసిన సరంజామాలో ఫిలిము ఒక్కటే తక్కువ.

ఈ విద్యకు అనంతపుర మండలమున పేరుపొందిన ఊరు ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఆ పురస్కారపు వార్తలలో తోలు మీది చిత్రపు పనిని గూర్చియే ఎక్కువగా వ్రాసినారు. చేతిపనికి అది తగిన గౌరవమే. కాని గోడకు తగిలించిన బొమ్మ సగము బొమ్మయే. మిగిలిన సగము చెవికి సంబంధించినది.

ఆ మృదంగమును గూర్చి ఒక మాట చెప్పి ముందుకు పోవలెను. సాధారణమగు డోలు చర్మమును కొట్టినపుడు పుట్టు కంపనముల పౌనఃపున్యములు ఒకదానికొకటి పొందికగా నుండవు. మొదటి దానిని 1 అనుకొన్నచో తరువాతివి 1.59, 2.14, 2.30 ఈ తీరుగా నుండును. అందుచేత అది చప్పుడే గాని స్వరము కాదు. మృదంగపు కుడిమూతి నడుమ నల్లని పూత పొరలు పొరలుగా వేసి బరువెక్కించుటచేత ఈ సంఖ్యలు ఇంచుమించు 1, 2, 3, 4, 5గా సర్దుకొనును. తంత్రీవాద్యమున కున్న పొందిక తోలునకు వచ్చును. ఈ రహస్యమును 1920లో చంద్రశేఖర వేంకట రామన్ శివకాళి కుమారునితో కలిసి 'నేచర్' పత్రికలో ప్రకటించెను. 1934లో మరింత విపులముగా వ్రాసెను. పూత వేసిన వారు భౌతికశాస్త్రము చదివినవారు కారు. వారు చెవితో లెక్కకట్టిరి. పద్యము ఏ శ్రుతిలో నడచుచున్నదో మృదంగమును ఆ శ్రుతికే పలుకుట వలన, తెరముందున్న వానికి పాట, దెబ్బ రెండును ఒక్కటిగా వినిపించును. ఎండకాలపు పొడిగాలికి తోలు బిగిసి శ్రుతి పెరుగుట, తేమకు సడలి తగ్గుట ఈ సీమ వాద్యకారు లందరికిని తెలిసిన సంగతి.

బొమ్మలాట నుండి నాటకమునకు, నాటకము నుండి సినిమాకు దారి ఈ చుట్టుప్రక్కలనే పడినది. కడప జిల్లాలో సురభి అను గ్రామమున్నది. 1885లో అక్కడ వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించుటతో సురభి నాటక సంఘము పుట్టినది. ఆ కుటుంబముల వారి పూర్వవృత్తి బొమ్మలాటయే. తోలుబొమ్మ స్థానమున మనిషి నిలిచెను. తెర మాత్రము పోలేదు, హార్మోనియమును పోలేదు. ఇంచుమించు అదే కాలమున ధర్మవరమునకు చెందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పి, తెలుగు నాటకమున పద్యములను, పాటలను రాగయుక్తముగా పాడించు పద్ధతి తెచ్చెను. ఆయనను ఆంధ్ర నాటక పితామహు డందురు. శోకమునకు ముఖారి, జోలకు నీలాంబరి, వీరమునకు అఠాణా అను తరహా సంప్రదాయము ఆ రంగస్థలము మీద జనసామాన్యమునకు అలవాటైనది. అక్షరము రాని ప్రేక్షకుడు సైతము రాగము నెత్తుకొన్నంతనే రాబోవు కష్టమును పసికట్టగలిగెను. సినిమాకు సిద్ధమైన చెవులు ఆ విధముగా తయారైనవి.

ఇక చలనచిత్రము. 1895 డిసెంబరు 28న పారిస్ నగరమున లూమియేర్ సోదరులు డబ్బు పుచ్చుకొని మొదటిసారి చిత్రములు చూపినపుడు ప్రక్కన పియానో వాయించిన వాడొకడున్నాడు. మూగచిత్రము నిజముగా మూగగా నడచిన రోజులు చాల తక్కువ. దీనికి కారణముగా ప్రొజెక్టరు మోతను కప్పుటకని కొందరు చెప్పుదురు. అది కొంతవరకే నిజము. మోటారును వేరే గదిలో పెట్టిన తరువాతను సంగీతము పోలేదు గదా. చీకటిలో నీడలు నిశ్శబ్దముగా కదలుచుండిన మనిషికి అదొక విధమగు దిగులు. ఆ దిగులు తీర్చుటకే వాద్యము వచ్చినదనుట ఎక్కువ సబబు. 1908లో ఫ్రాన్సులో కామిల్ సాఁసాన్స్ అను గొప్ప స్వరకర్త ఒక చిత్రము కొరకే ప్రత్యేకముగ సంగీతము కూర్చెను. మన దేశమున హార్మోనియము, తబలా, ఫిడేలు వాయించువారు తెర దగ్గర కూర్చుండి, కన్ను తెరమీదను చేయి వాద్యము మీదను పెట్టి నడిపించిరి.

బొమ్మకు మాటను అతికించవలెనన్న తపన అప్పుడే మొదలైనది. మచిలీపట్నమున పుట్టిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును మద్రాసుకు తెప్పించి ప్రదర్శనలిచ్చెను. అందులో శబ్దము గ్రామఫోను పళ్ళెము మీద, చిత్రము ఫిలిము మీద ఉండును. రెండును ఒకే వేగమున పోవలెను. ఫిలిము ఒకచోట తెగి రెండంగుళములు కత్తిరించి అతికినచో, ఆపైన పెదవి యొకటి మాట యొకటి. అమెరికాలో 1927లో పేరుమ్రోగిన 'ది జాజ్ సింగర్' సైతము పళ్ళెముల మీది శబ్దమే. అదే చిక్కు దానికిని ఉండెను.

చిక్కు విడిపోయినది శబ్దమును ఫిలిము అంచుననే ఛాయాచిత్రముగా తీసినప్పుడు. సౌండ్ ట్రాక్ అను ఈ ధ్వనిపథము సన్నని పట్టీ. ధ్వని తరంగమునకు అనుగుణముగా దాని వెడల్పైనను, నలుపుదనమైనను మారుచుండును. చిన్న దీపపు వెలుగు సన్నని చీలిక గుండా దీని మీదుగా పోయి ఆవలనున్న కాంతివిద్యుత్ ఘటము మీద పడును. పట్టీ మార్పునుబట్టి వెలుగు హెచ్చుతగ్గులగును. వెలుగును బట్టి విద్యుత్తు. విద్యుత్తునుబట్టి లౌడు స్పీకరు పొర కంపించును. 35 మిల్లీమీటర్ల ఫిలిము సెకనుకు 24 బొమ్మల వంతున, అనగా 18 అంగుళముల వంతున పోవును. లెక్క వేసి చూడుడు: సెకనుకు 1000 కంపనములు గల స్వరపు ఒక్క తరంగమునకు ఫిలిము మీద దొరకు చోటు అర మిల్లీమీటరు కూడ లేదు, 8000 కంపనములదానికి 0.06 మిల్లీమీటరు లోపు. చీలిక ఇంతకంటె వెడల్పైనచో ఆ స్వరము వినబడదు. పాతచిత్రములలో తాళముల గలగల, ఫిడేలు పైస్థాయి మెరపు మొద్దుబారినట్లుండుటకు కారణములలో ఇదొకటి. బొమ్మ చూపు కిటికీ దగ్గర ఫిలిము ఆగి ఆగి కదలవలెను. శబ్దము దగ్గర ఆగకుండ సాగవలెను. అందుచే రెండింటిని వేరుచోట్ల నుంచి, శబ్దమును బొమ్మకంటె సుమారు 20 బొమ్మల దూరము ముందుగా ముద్రించుదురు.

తెలుగున మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'. హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన ఈ చిత్రము 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెను. లీలావతి పాత్ర ధరించినది సురభి కమలాబాయి; కథకు ఆధారము ధర్మవరమువారి నాటకము. బొమ్మలాట వంశపు ఆడపడుచు, అనంతపుర సీమ నాటకకర్త రచన: తొలి తెలుగు టాకీలో ఈ రెండును కలిసినవి. ఆనాడు పాటను, బొమ్మను ఒకేసారి తీయవలసియుండెను. నటియే పాడవలెను, వాద్యములవారు కెమెరాకు కనబడని చోట దాగి వాయించవలెను, మైకుకు దూరమైనచో వినపడదు, దగ్గరైనచో కనపడుదురు. ఇట్టి పరిస్థితిలో పాట వచ్చును గాని, సన్నివేశము వెనుక నీడవలె నడచు సంగీతము రాదు. మాటల మధ్య నిశ్శబ్దమే మిగిలినది. మూగచిత్రముల కాలమున ఎడతెగక ఉండిన వాద్యము, టాకీ వచ్చిన తొలిదినములలో పాటలకు మాత్రమే పరిమితమగుట విచిత్రముగా తోచును.

1935లో కలకత్తా న్యూ థియేటర్సువారు 'భాగ్యచక్ర' అను వంగచిత్రమునందును, దాని హిందీ రూపమునందును పాటను ముందుగా రికార్డు చేసి తరువాత బొమ్మ తీయు పద్ధతి ప్రవేశపెట్టిరి. శబ్దమును బొమ్మనుండి విడదీయవచ్చునని తేలినది. వెంటనే రెండవ సంగతి తేలినది: చిత్రము పూర్తియైన తరువాత మాట ఒక పట్టీ మీద, చప్పుళ్ళు ఒక పట్టీ మీద, సంగీతము ఒక పట్టీ మీద పెట్టి, మూడింటిని సరియగు పాళ్ళలో కలిపి ఒకే పట్టీగా చేయవచ్చును. దీనినే మన సినిమావారు రీరికార్డింగు అందురు. ఎదుట తెరమీద చిత్రము నడచుచుండగా వాద్యబృందము వాయించును; సంగీతదర్శకుని కన్ను తెరమీద నుండును. తోలుబొమ్మలాట పందిరిలో జరుగు పనియే ఇది. చూచువాని దిక్కు మాత్రము మారినది.

ఈ పనికి మద్రాసులో వెలసిన గొప్ప కర్మాగారము వాహినీ స్టూడియో. బి.ఎన్. రెడ్డితో కలిసి దానికి వెన్నుదన్నుగా నిలిచిన మూలా నారాయణస్వామి అనంతపురం జిల్లా తాడిపత్రివాడు. దర్శకుడు కె.వి. రెడ్డియు తాడిపత్రిలోనే 1912లో పుట్టెను. చిత్రీకరణకు ముందే ఒక్కొక్క సన్నివేశము ఎంతసేపు పట్టునో గడియారము పెట్టి చూచుకొను అలవాటు ఆయనకున్నదని ప్రసిద్ధి. సంగీతపు దృష్టిలో ఇది చిన్న సంగతి కాదు. సన్నివేశపు లయ ముందే స్థిరపడినచో వాద్యపు లయ దానికి తొడుగువలె సరిపోవును. లేనిచో చివర కత్తెరపని మిగులును.

1951 తెలుగువారి చెవులకు పండుగ సంవత్సరము. మార్చిలో కె.వి. రెడ్డి 'పాతాళభైరవి' ఘంటసాల సంగీతముతోను, డిసెంబరులో బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' సాలూరు రాజేశ్వరరావు సంగీతముతోను వచ్చినవి. 'మల్లీశ్వరి' వాద్యగోష్ఠి కూర్పున అద్దేపల్లి రామారావు పాలు కలదు. రాజేశ్వరరావు పేరు తెలిసిన వందమందిలో పదిమందికైన అద్దేపల్లివారి పేరు తెలియునా అనునది సందేహమే. పాట వినునప్పుడు మనము సంగీతమును వినుచున్నామని మనకు తెలియును. నేపథ్య సంగీతము వినునప్పుడు మనము కథ చూచుచున్నామనుకొందుము. ఎంత బాగుగా చేసిన అంత కనబడకుండ పోవుట ఈ పనివాని అదృష్టమో దురదృష్టమో.

1957 మార్చి 27న వచ్చిన 'మాయాబజార్' దీనికి మంచి ఉదాహరణము. ఇది సురభివారు ఏండ్ల తరబడి ఆడిన కథయే. రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి విరమించుకొనగా, మిగిలిన సంగీతము ఘంటసాల నిర్వహించెను. శశిరేఖ రూపమున ఘటోత్కచుడున్న సన్నివేశములను గుర్తు తెచ్చుకొనుడు. తెరమీద కనబడునది సావిత్రియే. చీర అదే, నగలు అవే. నడక మారును, చూపు మారును. దానికి తోడు వాద్యమును మారును. ప్రేక్షకుడు కంటితో ఆడపిల్లను చూచుచు మనసుతో రాక్షసుని చూచి నవ్వును. ఇచట గొప్ప పాలు సావిత్రి నటనదే, సందేహము లేదు. అయినను ధ్వని తగ్గించి ఆ ఘట్టమును చూచినవారికి నవ్వు ఎంత సన్నగిల్లునో వెంటనే తెలియును.

ఈ చిత్రములు తనకల్లు వంటి ఊళ్ళకు చేరినది డేరా సినిమాల ద్వారా. టూరింగు టాకీసు అనబడు ఈ డేరాలలో నేలమీద ఇసుక, చుట్టును గుడ్డ, వెలుపల కరెంటు పుట్టించు ఇంజను. ఆట మొదలగునని తెలుపుటకు వెంకటేశ్వరునిపై ఘంటసాల పాడిన పాట పెట్టెడివారు. పొలము పనులనుండి వచ్చువారు ఆ పాట విని అడుగు వేగిరపరచెడివారు. తెలుగుసీమ పల్లెలలో ఒక తరమున కది గంటమ్రోత. డేరా శాస్త్రరీత్యా కూడ చిత్రమైనది. రాతిగోడల హాలులో ఉన్నంత ప్రతిధ్వని దానిలో లేదు. గుడ్డ, ఇసుక, మనుషుల దేహములు శబ్దమును చాలవరకు మ్రింగును, కొంత బయటికి పోవును. కనుక మాట స్పష్టముగా వినిపించును. సంగీతము మాత్రము ఎండిన మడివలె నుండును. భోంగావంటి లౌడు స్పీకర్లలో మంద్రస్థాయి పలుకదు. తెరకు 30 మీటర్ల దూరమున కూర్చున్నవానికి శబ్దము సెకనులో పదకొండవ వంతు ఆలస్యముగా, అనగా రెండు బొమ్మలు దాటిన తరువాత చేరును. ఒకే ప్రొజెక్టరున్నచోట రీలు మార్చుటకు దీపములు వెలిగించుదురు. కరుణరసము నిండుగా సాగుచున్న వాద్యము మధ్యలో తెగి, బఠాణీలమ్ము కుఱ్ఱవాని కేక వినిపించును. ఇన్ని లోపములుండియు జనము ఏడ్చిరి, నవ్విరి. ధ్వని నాణ్యము కంటె లోతైనది ఏదో పనిచేయుచున్నదని దీనివలన ఊహింపవచ్చును.

ఆ లోతును కొలుచుటకు శాస్త్రజ్ఞులు ప్రయత్నించిరి. 1944లో హైడర్, సిమ్మెల్ అను ఇద్దరు అమెరికాలో ఒక చిన్న చిత్రము తయారుచేసిరి. అందులో పాత్రలు ఒక పెద్ద త్రికోణము, ఒక చిన్న త్రికోణము, ఒక చిన్న వృత్తము, అంతే. అవి కదలుచుండగా చూచినవారు వాటిలో దౌర్జన్యమును, భయమును, స్నేహమును చూచిరి. 1988లో మార్షల్, కోహెన్ అను పరిశోధకులు అదే చిత్రమునకు రెండు రకముల సంగీతమును మార్చి మార్చి పెట్టి చూపిరి. బొమ్మలలో ఏ మార్పును లేదు. అయినను ఏ త్రికోణము ఎట్టిదను అభిప్రాయము సంగీతముతో పాటు మారెను. సంగీతపు నడక ఏ ఆకారపు కదలికతో కలియునో, చూపు దానిమీదికి పోవుననియు, సంగీతపు గుణము దానికి అంటుకొనుననియు వారి వివరణ. నిమ్మలకుంటవారి కీసంగతి క్రొత్తగా తోచదు. కవళిక లేని తోలుముక్కకు వారు తరతరములుగ చేయుచున్న దదియే.

అయితే ముఖారి విని మనము దిగులుపడుట చిన్ననాటి అలవాటా, లేక నాదములోనే ఏదో ఉన్నదా? బాల్క్‌విల్, థాంప్సన్ అనువారు 1999లో ఒక పరీక్ష ప్రకటించిరి. హిందూస్తానీ రాగములతో పరిచయము లేని పాశ్చాత్య శ్రోతలకు ఆలాపనలు వినిపించి, ఏ భావము తోచినదో అడిగిరి. సంతోషము, దుఃఖము, కోపము ఉద్దేశించిన రాగములను వారు చాలవరకు సరిగా పోల్చగలిగిరి. శాంతమును మాత్రము పోల్చలేకపోయిరి. వేగము, స్వరముల చిక్కదనము, బాణీలోని సరళత మున్నగునవి వారికి ఆనవాళ్ళైనవి. దుఃఖించువాని మాట నెమ్మదిగా, క్రిందిస్థాయిలో నడచుట లోకమంతట ఉన్నదే గదా. రాగమును ఆ గుర్తును మోయుచున్నది. మిగిలినది సంప్రదాయము నేర్పునది. శాంతరసము అటువంటిదని తోచుచున్నది.

భయము సంగతి మరింత మొరటుగా నుండును. 1960లో వచ్చిన 'సైకో' అను చిత్రమున స్నానాల గదిలో హత్య జరుగు ఘట్టమునకు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట అనుకొనెను. సంగీతదర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తంత్రీవాద్యములతో మాత్రమే కీచుమను స్వరములు కూర్చి వినిపించగా మనసు మార్చుకొనెను. ఆ కీచుధ్వని ఎందుకంత జడిపించును? కొండలలో బిలములు చేసికొని బ్రతుకు మార్మోట్ అను జంతువుల అరపులను పరిశోధించిన బ్లూమ్‌స్టైన్ అను జీవశాస్త్రజ్ఞుడు, ప్రాణభయమున పిల్లల గొంతు పగిలి, కంపనములు క్రమము తప్పి, స్వరము గరగరలాడుటను గమనించెను. తరువాత ఆయన సహచరులతో కలిసి సినిమా శబ్దములను పరీక్షించి 2010లో ప్రకటించెను: భయానక చిత్రములలో ఇట్టి పగిలిన ధ్వనులు తరచుగా వాడబడుచున్నవి. తల్లి జంతువు చెవికి పిల్ల అరపు ఎట్టిదో, మనకు ఆ ఫిడేలు కీచు అట్టిదన్న మాట. సంగీతము చదువుకొనని చెవికి సైతము ఇది తగులును.

కన్నీటికి భయమంత సులువైన వివరణ లేదు. సంగీతము విని ఒడలు పులకరించువారిని ఎన్నుకొని కెనడా దేశపు మాంట్రియల్‌లో సాలింపూర్ మున్నగువారు 2011లో మెదడు పరీక్షలు చేసిరి. పులకరింత సమయమున మెదడులో డోపమిన్ అను రసాయనము విడుదలగుచున్నదని తేలెను. అది రెండు దఫాలుగా జరుగుట ముఖ్యము: స్వరము శిఖరమును అందుకొను క్షణమునకు ముందు, ఎదురుచూపులో ఒక భాగమున, అందుకొన్నపుడు వేరొక భాగమున. ఆకలిగొన్నవానికి అన్నము కనబడినపుడొకటి, నోటబడినపుడొకటి అయినట్లు. నాటకపు పద్యము చివర రాగము తీయుచు నటుడు జనమును ఊపిరి బిగబట్టించుట ఈ ఎదురుచూపు మీది వ్యాపారమే. రీరికార్డింగున సంగీతదర్శకుడు చేయునదియు అదియే: తలుపు తెరచుకొనక మునుపే మనకు తలుపు సంగతి చెప్పి, తెరచుట ఆలస్యము చేయును.

మాటను పూర్తిగా తీసివేసి సంగీతమునకే భారమప్పగించిన ప్రయోగమొకటి మనవారే చేసిరి. 'మాయాబజార్' నాడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడుగానున్న సింగీతం శ్రీనివాసరావు 1987లో సంభాషణలు లేని చిత్రమును తీసెను. అది 'పుష్పక విమానము'. ఎల్. వైద్యనాథన్ సంగీతము సమకూర్చెను. ఏ భాషవారైనను అర్థము చేసికొను చిత్రమది. పదములు లేకున్నను ప్రేక్షకులు ఒంటరితనమును, ఆకలిని, వలపును పోల్చుకొనగలిగిరి.

గౌరవము విషయమున ప్రభుత్వము సైతము ఆలస్యముగా మేల్కొన్నది. జాతీయ చలనచిత్ర పురస్కారములలో సంగీత దర్శకత్వమున పాటలకు వేరు, నేపథ్య సంగీతమునకు వేరు బహుమతి యిచ్చుట 2009వ సంవత్సరపు చిత్రములతో స్థిరపడినది. ఆ యేట నేపథ్య సంగీతమునకు అందుకొన్నది ఇళయరాజా, మలయాళ చిత్రము 'పళశ్శిరాజా'కు. 2021 సంవత్సరమునకు అదే బహుమతి 'ఆర్.ఆర్.ఆర్.' నేపథ్య సంగీతమునకుగాను కొవ్వూరులో పుట్టిన ఎం.ఎం. కీరవాణికి వచ్చెను. 2023లో ఆయన కందిన ఆస్కారు పాటకు వచ్చినది. జనమునకు గుర్తున్నది అదియే.

బహుమతి రాకున్నను నష్టము లేదు. తిరిగిరాని నష్టమింకొకటి ఉన్నది. మాట, చప్పుడు, వాద్యము మూడును కలిసి ఒక్క గీతగా ఫిలిము అంచున చేరిన తరువాత, ఆ గీతనుండి వాద్యమును మాత్రము మరల విడదీయుట మిక్కిలి కష్టము. మూడు సంఖ్యల మొత్తము చెప్పి మూడు సంఖ్యలను కనుగొను మన్నట్లే. మొదటి వేరు పట్టీలు మిగిలియున్ననే అది సాధ్యము. 'మాయాబజార్'ను రంగులలోనికి మార్చి, శబ్దమును డి.టి.ఎస్. పద్ధతికి తెచ్చి 2010 జనవరిలో మరల విడుదల చేసినపుడు పనివారికి ఎదురైన సమస్యలలో ఇదొకటి. ఇటీవల కంప్యూటరుకు వేలకొలది ధ్వనుల నమూనాలను నేర్పి, కలగలిసిన శబ్దమునుండి గొంతును, వాద్యమును వేరుచేయు పద్ధతులు వచ్చినవి. అవి ఆశ చూపుచున్నవి. కాని సంగీతము మీద సంభాషణ గట్టిగా పడినచోట అవి ఊహతో పూరించుచున్నవే గాని, ఆనాడు ఫిడేలు వాయించినవాని కమానును తిరిగి తేలేవు. పాటలు గ్రామఫోను పళ్ళెములకెక్కి బ్రతికినవి. నేపథ్య సంగీతమున కట్టి అదృష్టము పట్టలేదు. బొమ్మలాటవారి పద్యములకు, చెక్కపలక త్రొక్కుళ్ళకు అదియును లేదు; వాయించువాడున్నన్నాళ్ళే అవి ఉండును.

ఈ విషయమును తరగతిలో పరీక్షించుట కష్టము కాదు. 'మాయాబజార్' నుండి మాటలు తక్కువగానున్న అయిదు నిమిషముల భాగమొకటి ఎన్నుకొనవలెను. విద్యార్థులను రెండు గుంపులు చేసి, ఒక గుంపునకు ధ్వనితోను, వేరొక గుంపునకు ధ్వని లేకుండను వేరువేరుగా చూపవలెను. పాత్రయొక్క కోపము, భయము, సంతోషము వీటికి ఒకటి నుండి ఏడు వరకు అంకెలు వేయించి సగటులు కట్టవలెను. తరువాత గుంపులను తారుమారు చేసి మరల చూపవలెను. మొదట ధ్వనితో చూచినవారు రెండవసారి మౌనచిత్రములోను ఆ సంగీతమును తలలో వినుచుందురు గనుక, వారి అంకెలు తక్కినవారి అంకెలకంటె తక్కువగా మారునేమో చూడవలెను. మూడవసారి, చిత్రమునకు సంబంధము లేని మృదంగపు వాయింపు నొకదానిని ప్రక్కన వినిపించుచు చూపి, చేయి కదపిన ప్రతి పాత్రయు ఆ దెబ్బకే కదలుచున్నట్లు ఎందరికి తోచినదో వ్రాయించవలెను.